శాంతి బహుమతికి నేను పంపిన పేర్లు

మా అమ్మకు నా ఉద్యోగం ఏమిటో చివరిదాకా అర్థం కాలేదు. "మా గుంట విశాపట్నంలో యుద్దాల పాఠం సెప్తాది" అని చోడవరం బజారులో ఎదురుపడిన వాళ్ళందరికీ చెప్పేది. నేను చెప్పింది అంతర్జాతీయ న్యాయశాస్త్రం, ఒక లా కాలేజీలో. యుద్ధాలు రాకుండా దేశాలు రాసుకునే కాగితాల గురించిన పాఠం. అవి రాసుకున్నాక కూడా యుద్ధాలు వస్తూనే ఉంటాయి కాబట్టి అమ్మ మాట పూర్తిగా తప్పని ఇప్పటికీ అనలేను.

రిటైరై చోడవరం వచ్చేసి కొన్నేళ్ళయింది. మొన్న నా స్థానంలో చేరిన అమ్మాయి ఫోన్ చేసింది. ఆమెకు విదేశం నుంచి ఒక కవరు వచ్చిందట. ఒక అంతర్జాతీయ శాంతి బహుమతికి తగిన రాజనీతిజ్ఞుల, న్యాయకోవిదుల పేర్లు జనవరి ఆఖరులోగా ప్రతిపాదించమని అందులో ఉందట. "మేడమ్, ఇది నిజమేనా, ఎవరైనా ఆటపట్టిస్తున్నారా?" అని అడిగింది. నవ్వొచ్చింది. మొదటిసారి ఆ కవరు చూసి నేనూ అదే అడిగాను.

నిజమే. మా సబ్జెక్టు చెప్పే ప్రొఫెసర్లకు పేరు పంపే హక్కు ఉంటుంది. ఆ పని ఏ నియామక పత్రంలోనూ రాసి ఉండదు. పంపిన ఉత్తరానికి "అందింది" అన్న రెండు ముక్కలు తప్ప జవాబు రాదు. అయినా నా ఉద్యోగం మొత్తంలో నేను ప్రాణం పెట్టి చేసిన పని అదే. నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వనిదీ అదే. నేను పేరు పంపిన ఒక పెద్దమనిషికి ఆ సంగతి చెప్పకుండానే ఆయన్ను పోగొట్టుకున్నాను. కొత్తగా వచ్చేవాళ్ళు ఆ తప్పు చెయ్యకూడదని ఇది రాస్తున్నాను.

హెడ్డుగారి బీరువా

మా శాఖాధిపతి నరసింగరావు గారు గోదావరి వైపు మనిషి. ఆ ఉత్తరాల కార్బన్ కాపీలన్నీ ఒక ఇనప బీరువాలో పెట్టి తాళం వేసేవారు. ఆ తాళంచెవిని మొలతాడుకు కట్టుకుంటారని మా అటెండరు వేళాకోళం చేసేవాడు. నా మొదటి ఉత్తరాన్ని ఆయన చేతికిచ్చినప్పుడు మూడు పేజీలు తిరగేసి బల్ల మీద పడేశారు.

"ఇదేం ఉత్తరమమ్మా, పెళ్ళికొడుకు బయోడేటాలా ఉంది. ఆయన ఎక్కడ చదివాడో, ఎన్ని పుస్తకాలు రాశాడో ఎవరికి కావాలి? ఈ మనిషి లేకపోతే ఎవరు చచ్చిపోయేవారో అది రాయి."

ఆ ఒక్క మాటకే ఆయనకు జీవితాంతం రుణపడి ఉంటాను. ఏ ఉత్తరం మొదలుపెట్టినా ముందు ఆ ప్రశ్నే వేసుకున్నాను. దానికి జవాబు దొరకని పేర్లు ఎంత పెద్దవైనా పక్కన పెట్టేశాను.

ఆయన రెండో మాట కూడా చెప్పారు. "పంపాక మరిచిపో. ఎవరి పేరు పంపావో ఆ మనిషికి చెప్పకూడదు. మీ ఇంట్లోనూ చెప్పకూడదు. చెప్పావా, ఆయన ఎదురుచూడటం మొదలెడతాడు. ఎదురుచూసే మనిషి మునుపటిలా పని చెయ్యలేడు. ఇది నియమం." నేను తలూపాను. దానికీ తలూపడమే నేను చేసిన పొరపాటు, కానీ అది తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

మా హెడ్డుగారిలో ఒక లోపం ఉండేది, చెప్పక తప్పదు. ఆయన దృష్టిలో శాంతి అంటే ఇద్దరు ప్రధానమంత్రులు కెమెరా ముందు చేతులు కలపడం. అంతకంటే చిన్న మనుషులు ఆయన కళ్ళకు ఆనేవారు కాదు. ఆయన శిష్యురాలిని కాబట్టి కొన్నాళ్ళు నా చూపూ అంతే.

సంతకం చూసి పంపిన పేరు

నేను సొంతంగా ఎంచుకున్న మొదటి పేరు ఒక దేశాధినేతది. పక్క దేశంతో సరిహద్దు ఒప్పందం చేసుకున్నాడు. ఆ ఫొటో చూసి నేను మురిసిపోయాను, క్లాసులో ఆయన్ను ఆకాశానికెత్తాను. జనవరిలో ఉత్తరం పోస్టు చేశాను. వానాకాలం రాకముందే అదే సరిహద్దు మీదికి ఆయన ట్యాంకులు పంపాడు.

ఆ ఉదయం క్లాసులో వెనక బెంచీ కుర్రాడొకడు లేచి, "మేడమ్, ఆ ఒప్పందం మీద మీరు చెప్పిన పాఠం పరీక్షకు చదవాలా, వదిలెయ్యాలా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాననుకుంటా, ఏడవలేక. నేను ఆ పేరు ఎక్కడికి పంపానో తెలిస్తే వాళ్ళు ఇంకెంత నవ్వేవారో.

హెడ్డుగారికి చెబితే తిట్టలేదు. "సంతకం పెట్టినవాణ్ణి చూశావు. ఆ కాగితం రాసినవాడు ఎవడో చూశావా?" అని మాత్రం అన్నారు. ఆ మాట ఆయన ఊరికే అన్నారేమో గానీ నేను పట్టుకున్నాను. అప్పటి నుంచి ఏ ఒప్పందం చేతికొచ్చినా చివరి పేజీలో సంతకాలు చూడటం మానేసి, మధ్యలో వాక్యాలు ఎవరు రాశారా అని వెతకడం మొదలుపెట్టాను. అలా వెతుకుతూ వెతుకుతూ మా ఊరికే వచ్చి పడ్డాను.

చోడవరం వాక్యం

సన్యాసిరావు గారు చోడవరం కోర్టులో ప్లీడరు. మా నాన్నకు ఆయనే లాయరు. రోలుగుంట వైపు మాకున్న చెరుకు చేను గట్టు మీద పక్క రైతుతో తగాదా నడిచినప్పుడు చిన్నప్పుడు నేనూ నాన్న వెంట ఆయన గదికి వెళ్ళాను. ఆ గదిలో ఒక పద్ధతి ఉండేది. వచ్చినవాడు తన గోడు మొదలెట్టబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టేవారు.

"నీ గొడవ తరవాత. ముందు అవతలోడి గొడవ నువ్వు సెప్పు. ఆడికి ఏటి నష్టమో నీ నోటితో సెప్పు, ఇంటాను."

మా నాన్న అరగంట తన గోడే మళ్ళీ మళ్ళీ మొదలెట్టబోయాడు. ఆ తర్వాత నెమ్మదిగా, గట్టు జరిగితే అవతలి వాడి మడికి నీరు అందదన్న సంగతి తనే చెప్పాడు. అవతలి రైతు చేత కూడా మా నష్టం చెప్పించారు. మా కేసు కోర్టు గుమ్మం తొక్కకుండానే తెగిపోయింది. ఆ పద్ధతి వల్ల ఆయనకు ఫీజులు తక్కువ, పేరు ఎక్కువ.

తర్వాత ఎప్పుడో సముద్రపు ఒడ్డు ఊరి ఆడవాళ్ళు కొందరు ఆయన దగ్గరకు వచ్చారు. ఆయన గుమస్తా అత్తవారిది ఆ ఊరు, అతనే వెంటబెట్టుకొచ్చాడు. వాళ్ళ మగవాళ్ళ పడవ ఇంజను పాడై కొట్టుకుపోయి పొరుగు దేశం నీళ్ళలో దొరికిపోయింది. అందర్నీ జైల్లో పెట్టారు. ఆ దేశపు జాలర్లు కూడా అలాగే మన జైళ్ళలో ఉన్నారు. ముందు మీరు వదలండంటే ముందు మీరు వదలండని రెండు ప్రభుత్వాలూ కూర్చున్నాయి.

సన్యాసిరావు గారు ఆ దేశంలో రిటైరైన ఒక జడ్జికి ఉత్తరం రాశారు. ఆయన పేరు రహమాన్ సాహెబ్. "మా జైల్లో ఉన్న మీవాళ్ళ అర్జీలు నేను రాస్తాను. మీ జైల్లో ఉన్న మావాళ్ళ అర్జీలు మీరు రాయండి" అన్నది ఆ ఉత్తరంలో సంగతి. రహమాన్ సాహెబ్ ఒప్పుకున్నారు. ఏళ్ళ తరబడి ఇద్దరూ అలా ఒకరి మనుషుల కోసం ఒకరు అర్జీలు రాసి, కోర్టులు తిరిగి, పడవ వెంట పడవ జనాన్ని ఇళ్ళకు చేర్చారు. చివరికి రెండు ప్రభుత్వాలూ ఆ పద్ధతినే ఒప్పందంగా రాసుకున్నాయి. ఇద్దరు మంత్రులు సంతకాలు పెట్టి ఫొటో దిగారు. ఈ ఇద్దరూ ఆ ఫొటోలో లేరు.

ఇదంతా తెలియకుండానే ఆ ఒప్పందాన్ని నేను క్లాసులో చెబుతున్నాను. ఒకరోజు ఒక క్లాజు పైకి చదువుతూ ఆగిపోయాను. పట్టుబడినవారి అర్జీని పట్టుకున్న దేశపు న్యాయవాదే తయారుచెయ్యాలి అని ఉంది. ప్రపంచంలో ఏ ఒప్పందంలోనూ నేను అలాంటిది చూడలేదు. కానీ అవతలోడి గొడవ నువ్వే చెప్పు అన్న మాట చిన్నప్పుడు విన్నాను. ఇది చోడవరం వాక్యం అనుకున్నాను. ఆ ఆదివారమే బస్సెక్కి వెళ్ళి ఆయన్ను అడిగితే, "ఆఁ, అది మేం రాసిందే. కామాలు రహమాన్‌వి, నాకు కామాలు రావు" అన్నారు.

హెడ్డుగారు మొదట "చోడవరం ప్లీడరా?" అని నవ్వారు. నా ఉత్తరం చదివాక నవ్వలేదు. "ఈయన లేకపోతే ఎవరు చచ్చిపోయేవారో బాగా రాశావు" అన్నారు. ఆ తర్వాత కళ్ళజోడు తీసి, "కానీ ఆయన మీ ఊరివాడు. రెండింతలు నోరు కట్టుకో" అని చెప్పారు.

పుట్టిన తేదీ కోసం తిప్పలు

ఈ పనిలో అన్నిటికంటే కష్టం, ఎందుకో చెప్పకుండా మనిషి వివరాలు రాబట్టడం. దేశాధినేతలైతే పుస్తకాల్లో దొరుకుతారు. సన్యాసిరావు గారు ఎక్కడ దొరుకుతారు? ఆయన వాకిట్లోనే. జనవరిలో గోవాడ చక్కెర ఫ్యాక్టరీ గానుగ జోరు మీద ఉంటుంది. చెరుకు ట్రాక్టర్ల వెనక మా బస్సు పాక్కుంటూ వెళ్ళేది. ఏం అబద్ధం చెప్పాలా అని దారంతా ఆలోచించుకునేదాన్ని.

మొదటి ఏడు పుట్టిన తేదీ, చదువు, కేసుల పట్టిక అడిగాను. ఆయన భార్య సత్యవతమ్మ గారు టీ గ్లాసు చేతికిస్తూ, "ఏటి తల్లీ, ఈయనకి మల్లీ సంబంధం సూస్తన్నావేటి? కట్నం మాట ముందే తేల్చేసుకో" అంది. ఆయన పడక్కుర్చీలోంచి లేవకుండానే అందుకున్నారు.

"కాదే. నా సంతాప సభకి ఇప్పట్నుంచే రాసుకుంటంది. బాగా రాయమ్మా, నేను సూసుకుని తప్పులు దిద్దుతాను."

"కాలేజీలో పాఠానికండీ" అన్నాను.

"సూడమ్మా, నలభై ఏళ్ళు అబద్దాలు ఇన్నోడితో అబద్దం ఆడకు" అన్నారు, కానీ అడిగినవన్నీ చెప్పారు. అయిదేళ్ళు వరుసగా ఆయన పేరూ, రహమాన్ సాహెబ్ పేరూ కలిపి పంపాను. ప్రతి జనవరిలో కొత్త అబద్ధంతో వెళ్ళాను. ఆయన ప్రతిసారీ నవ్వి జవాబులు ఇచ్చారు, ఇక ఎందుకని అడగలేదు.

మింగేసిన మాట

అయిదో ఉత్తరం వెళ్ళిన ఏడు ఆయన మంచం పట్టారు. కోర్టుకు వెళ్ళడం మానేశారు. శీతాకాలం మొదట్లో ఒక ఆదివారం వెళ్ళాను. అంతకు ముందే ఆ ఏటి బహుమతి ప్రకటించారు, ఎవరో పెద్ద నాయకుడికి వచ్చింది. ఆయన ఆ పేపరు మడతపెట్టి దిండు పక్కన ఉంచుకున్నారు.

"ఈ పెద్ద పెద్దోల పేర్లు ఎవురు రాస్తారమ్మా అక్కడికి?" అని అడిగారు.

"రాసేవాళ్ళు ఉంటారండీ."

"మా పని ఎవురికైనా తెలుసంటావా? నేను పోయి, అక్కడ రహమానూ పోతే, ఆ కాగితం ఎవురు రాసేరో ఎవురికీ తెలీదు. తెలీకపోతే కొంపలేటీ మునగవు. ఊరికే అడిగేను."

అయిదేళ్ళుగా మీ పేరు అక్కడికి వెళుతోంది, రాస్తున్నది నేనే, మొదటి వాక్యం నాకు కంఠతా వచ్చు, చెప్పనా? అనుకుని నోరు తెరిచాను కూడా. అప్పుడే హెడ్డుగారి మాట గుర్తొచ్చింది. ఎదురుచూసే మనిషి పని చెయ్యలేడు. ఇది నియమం. మంచం మీద ఉన్న మనిషి ఇంకేం పని చెయ్యాలని ఆ నియమం పాటించానో నాకే తెలియదు.

"తెలుస్తుందిలెండి, ఎప్పటికైనా" అన్నాను.

"ఏదో సెప్పబోయేవు."

"ఏం లేదండీ."

ఆయన నా ముఖంలోకి కాసేపు చూసి, ఆ మీదట మా అమ్మ మోకాళ్ళ నొప్పుల గురించి అడిగారు.

తర్వాతి ఆదివారం నేను వెళ్ళలేదు. వెళితే చెప్పేస్తానని భయం. ఆ పై ఆదివారం కూడా పరీక్షల వంక పెట్టుకున్నాను. సంక్రాంతి ఇంకా రానేలేదు, ఆయన పోయారన్న కబురు వచ్చింది. చనిపోయినవారి పేరు బహుమతికి తీసుకోరు. ఆ జనవరిలో నేను ఎవరి పేరూ రాయలేదు.

ఇప్పుడు అసలు తప్పు చెబుతాను. ఆ దుఃఖంలో ఒకరోజు, ఆ బహుమతి నియమాలు తెప్పించి మొదటి నుంచి చివరిదాకా చదివాను. రహస్యం పాటించాల్సింది ఇచ్చేవాళ్ళు మాత్రమే. పేరు పంపినవాడు చెప్పకూడదని అందులో ఎక్కడా లేదు. అది మా హెడ్డుగారి సొంత అభిప్రాయం. మంచి ఉద్దేశంతోనే చెప్పారు. మాట మీద నమ్మకం వద్దు, మూల పాఠం చదవండి అని ఏటేటా పిల్లలకు చెప్పేదాన్ని, నేను పాటిస్తున్న నియమాన్ని మాత్రం ఒక్కసారీ చదవలేదు. న్యాయశాస్త్రం చెప్పేవాళ్ళు తప్ప ఇంకెవరూ ఇంత తెలివితక్కువ పని చెయ్యరు.

సత్యవతమ్మ గారి జవాబు

రిటైరై వచ్చాక నేను చేసిన మొదటి పని ఆవిడ దగ్గరకు వెళ్ళడం. వాకిట్లో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. నేనూ పక్కన కూర్చుని గింజలు తీస్తూ అంతా చెప్పాను. అయిదు ఉత్తరాలు, పుట్టిన తేదీ, ఆ ఆదివారం. ఆవిడ చెయ్యి ఆపలేదు. అంతా అయ్యాక అంది.

"ఆయనకి సెప్పాల్సింది నాకు సెప్తే నేనేటి సేసుకోను తల్లీ?"

కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది, తిట్లు పడేదాన్ని. గింజలు తీస్తూ తనే మళ్ళీ అందుకుంది.

"ఆ రోజు నువ్వెల్లిపోయేక అన్నారు. ఈ గుంట నోటిదాకా వచ్చింది మింగేసిందే, వచ్చే ఆదివారం అడుగుతానూ అని. ఆ ఆదివారం గెడ్డం గీయించుకుని కూకున్నారు. నువ్వు రాలేదు. ఆ పై ఆదివారమూ కూకున్నారు."

అక్కడ ఇంకో క్షణం కూర్చోలేకపోయాను. ఇంటికొచ్చి తలుపు వేసుకుని ఏడ్చాను. ఎదురుచూడకూడదనే కదా నేను చెప్పనిది. తీరా నా కోసమే ఎదురుచూస్తూ పోయారు.

ఈ ఏడు పంపిన పేరు

రిటైరైన ప్రొఫెసర్లు కూడా పేర్లు పంపవచ్చు. రహమాన్ సాహెబ్ ఇంకా ఉన్నారు, పెద్దవారైపోయారు, చూపు సరిగా లేదు. ఈ జనవరిలో ఆయన పేరుతో ఉత్తరం రాశాను. పోస్టు చెయ్యడానికి ముందు దాన్ని తీసుకుని సత్యవతమ్మ గారింటికి వెళ్ళి, అక్కడి నుంచే ఆయనకు ఫోన్ చేశాను. నేనెవరో, ఏం చేశానో, ఏం చెయ్యలేకపోయానో ఇంగ్లీషులో చెప్పాను.

"సన్యాసిరావుకు తెలియదా?" అని అడిగారు.

"తెలియదండీ. తప్పు నాదే."

"ఇప్పుడు రాసినదాంట్లో ఆయన పేరు ఉందా?"

"బహుమతికి ఆయన పేరు పెట్టకూడదు. కానీ మొదటి పేజీ అంతా ఆయనే."

"అయితే చదవండి, నెమ్మదిగా."

చదివాను. ఇంగ్లీషు ముక్క రాని సత్యవతమ్మ గారు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, సన్యాసిరావు అన్న మాట వచ్చినప్పుడల్లా తల ఎత్తి చూసింది. అంతా విన్నాక రహమాన్ సాహెబ్, సన్యాసిరావు గారి భార్య దగ్గరుంటే ఫోన్ ఆవిడకు ఇవ్వమన్నారు. ఆవిడకు ఆయన భాష రాదు, ఆయనకు ఆవిడ భాష రాదు. అయినా ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆవిడ "ఆఁ బాబూ, ఆఁ బాబూ" అంటూనే ఉంది.

ఫోన్ నా చేతికిచ్చి కళ్ళు తుడుచుకుంది. "ఆయన సెప్పింది ఒక్క ముక్క తెలిస్తే ఒట్టు. ఈయన పేరు మట్టుకు సక్కగా పలికేడమ్మా. ఎల్లు, పోస్టాపీసు కట్టేస్తారు."

కొత్తగా చేరిన అమ్మాయీ, ఉత్తరం ఎలా రాయాలో హెడ్డుగారి మాటలో చెప్పేశాను. ఇక నా మాట. పంపే ముందు ఆ మనిషి ఇంటికి వెళ్ళు. ఎదురుగా కూర్చుని నీ ఉత్తరం పైకి చదువు. బహుమతి రాకపోతే పోయె. నాకైతే ఎవరైనా ఏదైనా ఇస్తామంటే ఒక్క ఆదివారం అడుగుతాను. ఆయన గెడ్డం గీయించుకుని కూర్చున్న ఆ ఆదివారం.